దసరా సేల్ నెలలో పార్శిళ్ళు మోసి నాలుగు రూపాయలు వెనకేసుకోవడం ఎలా

సేల్ మొదలైన మూడో రోజు ఉదయం ఆరున్నరకి ఏ హబ్‌కి (ఆన్‌లైన్ ఆర్డర్లు ఇళ్ళకి పంచడానికి మనం ఎత్తుకునే చోటు) వెళ్ళినా ఒకటే సీను. షట్టర్ సగమే లేచి ఉంటుంది. లోపల నడుం ఎత్తున పార్శిళ్ళు, బయట బండ్లు ఆపుకుని ముప్పై మంది. "అన్నా, నాకు నూట ఇరవై ఇయ్యి" అని ఒకడు, "నాకు నూట నలభై" అని ఇంకొకడు. నేనూ మొదటి రెండు సీజన్లు అలాగే అరిచాను. రాత్రి తొమ్మిదింటికి ముప్పై పార్శిళ్ళు వెనక్కి తెచ్చి, వాటి లెక్క అప్పజెప్పడానికి ఇంకో గంట నిలబడి, ఇంటికెళ్ళి పెట్రోల్ ఖర్చు తీసేసి చూస్తే మామూలు రోజుకంటే రెండొందలు కూడా ఎక్కువ మిగల్లేదు.

హైదరాబాద్‌లో ఉప్పల్, రామంతాపూర్, హబ్సిగూడ, నాచారం వైపు ఐదు సీజన్లు పార్శిళ్ళు పంచాక నాకు అర్థమైంది ఏంటంటే, యాప్‌లో కనిపించే అంకె వేరు, జేబులో మిగిలేది వేరు. సొంత బైక్ మీద, పార్శిల్‌కి ఇంత చొప్పున తీసుకుని పనిచేసేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. జీతం మీద పనిచేసేవాళ్ళకి ఇందులో సగం పనికొస్తుంది.

ముందు క్యాలెండర్ చూసుకోండి

పెద్ద సేల్స్ రెండూ, ఫ్లిప్‌కార్ట్ బిగ్ బిలియన్ డేస్, అమెజాన్ గ్రేట్ ఇండియన్ ఫెస్టివల్, ఈమధ్య దాదాపు ఒకే తేదీకి మొదలవుతున్నాయి. 2025లో సెప్టెంబర్ 23న మొదలయ్యాయి, దసరా అక్టోబర్ 2న, దీపావళి 20న వచ్చాయి. 2026లో అధిక మాసం ఉంది కాబట్టి దసరా అక్టోబర్ 20కి, దీపావళి నవంబర్ 8కి వెనక్కి జరిగాయి. సేల్ తేదీ కంపెనీలు చివర్లో చెబుతాయి గానీ పండగ తేదీ పంచాంగంలో ఎప్పుడో ఉంటుంది. దసరాకి మూడు వారాల ముందు నుంచే సిద్ధంగా ఉంటే తేడా రాదు.

సేల్ మొదటి రోజు హబ్ మామూలుగానే ఉంటుంది. కంగారు పడకండి. శంషాబాద్, మేడ్చల్ గోదాముల్లో సరుకు ఉన్నవి మర్నాటి నుంచి వస్తాయి. భివండీ నుంచో గురుగ్రామ్ వైపు నుంచో లారీల్లో రావాల్సినవి మూడు నుంచి ఐదు రోజులు పడతాయి. రెండూ కలిసి మీద పడేది మూడో రోజు నుంచి. ఆ తర్వాత ఇంకో వారానికి రిటర్న్ పికప్‌లు మొదలవుతాయి. సైజు సరిపోని చొక్కాలు, రంగు నచ్చని చీరలు అన్నీ మళ్ళీ మీ బ్యాగులోకే. దీపావళి ముందు రెండో విడత. అంటే మీకు నడుం విరిగే రోజులు నెలలో పది పన్నెండే. సెలవు పెట్టాలన్నా, బండి సర్వీసింగ్‌కి ఇవ్వాలన్నా, ఊరికి పోయి రావాలన్నా వాటికి ముందో మధ్యలోనో పెట్టుకోండి.

ఒప్పుకునే ముందు అడగాల్సినవి

సీజన్‌కి నెల ముందు నుంచే ప్రతి హబ్ ముందు "డెలివరీ బాయ్స్ కావలెను" అని కాగితం అంటిస్తారు. ఈ పనిలోకి రెండు దారులున్నాయి. ఒకటి కంపెనీ యాప్‌లో నేరుగా చేరడం. అమెజాన్ ఫ్లెక్స్ లాంటిది మన దేశంలో 2019 నుంచి ఉంది, గంటల బ్లాకులు ఎంచుకుని పనిచేస్తారు. రెండోది వెండర్ దగ్గర, అంటే కంపెనీకి మనుషుల్ని పెట్టే కాంట్రాక్టర్ దగ్గర చేరడం. మనలో ఎక్కువమంది చేరేది ఇక్కడే. కంపెనీ వెండర్‌కి ఇస్తుంది, వెండర్ తన వాటా ఉంచుకుని మనకిస్తాడు. ఒకే హబ్‌లో, ఒకే బీట్‌లో (ఒకడు రోజూ పంచే కాలనీలు), ఇద్దరు వెండర్ల కింద ఇద్దరికి రెండు రేట్లు ఉండటం నేను చూశాను. కాబట్టి చేరే ముందే అక్కడ టీ బండి దగ్గర నిలబడి నలుగురిని అడగండి. హబ్ సంగతులు హబ్‌లో కంటే టీ బండి దగ్గరే బాగా తెలుస్తాయి.

తర్వాత వెండర్‌ని అడగాల్సింది ఒక్క రేటు గురించే అనుకోకండి. రేటు చెప్పడానికి అందరూ ముందుంటారు. అసలు విషయాలు ఇవి: ఇంటికెళ్ళాక కస్టమర్ లేకపోతే ఆ ప్రయత్నానికి ఏమైనా ఇస్తారా? రిటర్న్ పికప్‌కి డెలివరీతో సమానమా, తక్కువా? పెద్ద పెట్టెకీ చిన్న కవర్‌కీ ఒకటే రేటా? డబ్బులు వారానికా, పదిహేను రోజులకా, నెలకా? పార్శిల్ పోతే ఎవరి మీద వేస్తారు, ఎవరు తేలుస్తారు? సెక్యూరిటీ డిపాజిట్ ఉందా, ఉంటే ఎప్పుడు తిరిగిస్తారు?

ఇక ఇన్సెంటివ్. సీజన్‌లో మనల్ని లాగేది ఇదే, ముంచేది కూడా ఇదే. "ఇరవై ఐదు రోజులు వస్తే ఐదు వేలు ఎక్స్‌ట్రా" అంటారు. ఇరవై నాలుగు రోజులు వచ్చి ఒక రోజు జ్వరంతో పడుకుంటే రెండొందలు తగ్గిస్తారనుకుంటాం. తగ్గించరు, మొత్తం పోతుంది. అలాగే "రోజుకి ఎనభై దాటితే ప్రతి పార్శిల్ మీద మూడు రూపాయలు ఎక్కువ" అన్నప్పుడు, ఆ మూడు రూపాయలు ఎనభై ఒకటో పార్శిల్ నుంచా, ఒకటో పార్శిల్ నుంచా అన్నది తెలుసుకోండి. మొదటి పద్ధతిలో తొంభై ఇచ్చినా వచ్చేది ముప్పై రూపాయలే. రెండో పద్ధతిలో రెండు వందల డెబ్బై. ఈ ఒక్క ప్రశ్న అడిగినందుకు టీఎల్ (టీమ్ లీడర్) మిమ్మల్ని కాస్త వింతగా చూస్తాడు. చూడనివ్వండి. నోటితో చెప్పింది వాట్సాప్ గ్రూప్‌లో పెట్టమనండి. "అన్నా, అందరికీ క్లియర్‌గా ఉంటుంది కదా, ఒక మెసేజ్ పెట్టండి" అని మర్యాదగా అడిగితే చాలామంది పెడతారు. పెట్టనివాడి ఇన్సెంటివ్‌ని లెక్కలోంచి తీసేసి, మిగతా రేటుకి గిట్టుబాటు అవుతుందా అని చూసుకోండి.

కాగితాలు సిద్ధంగా ఉంచుకోవాలి: లైసెన్స్, ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్. సేల్ వారంలో పోలీస్ వెరిఫికేషన్ కోసం ఆగిపోయినవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. లైసెన్స్ లేకుండా తమ్ముడి ఐడీ మీద, బావమరిది ఐడీ మీద తిరిగే పని మాత్రం వద్దు. యాక్సిడెంట్ అయితే బీమా రాకపోవచ్చు, పార్శిల్ పోతే ఐడీ ఇచ్చినవాడి మెడకి చుట్టుకుంటుంది.

గంటకి ఎంత మిగిలింది?

పార్శిల్‌కి 15 రూపాయలు అనుకుందాం. మీ రేటు వేరుగా ఉంటే అది వేసుకుని చూడండి. పెట్రోల్ లీటరు 107, బండి మైలేజీ 45, టైరు, ఆయిల్, చైను, బ్రేకుల అరుగుదలకి కిలోమీటరుకి 60 పైసలు.

ఒకడు 110 పార్శిళ్ళు ఎత్తుకున్నాడు, 82 ఇచ్చాడు. 1,230 వచ్చింది. ఎటుపడితే అటు 62 కిలోమీటర్లు తిరిగాడు, పెట్రోల్ 147, అరుగుదల 37, రెండు పూటలా బయట తిండి, టీలు 120. చేతిలో 926. ఉదయం ఏడు నుంచి రాత్రి ఎనిమిది దాకా, 13 గంటలు. గంటకి 71.

ఇంకొకడు 85 ఎత్తుకున్నాడు, ఒకదానికొకటి దగ్గరగా ఉన్నవి. 78 ఇచ్చాడు. 1,170. తిరిగింది 38 కిలోమీటర్లు, పెట్రోల్ 90, అరుగుదల 23, తిండి 80. చేతిలో 977. సాయంత్రం ఐదుకి ఖాళీ, 10 గంటలు. గంటకి దాదాపు 98.

రెండోవాడు నాలుగు పార్శిళ్ళు తక్కువిచ్చి యాభై రూపాయలు ఎక్కువ మిగుల్చుకున్నాడు, మూడు గంటలు ముందు ఇంటికెళ్ళాడు. మర్నాడు పొద్దున మొదటివాడికంటే ముందు హబ్‌లో ఉండేది కూడా వాడే. చిన్న నోటుబుక్ ఒకటి పెట్టుకుని రోజూ ఐదు అంకెలు రాయండి: ఎత్తింది, ఇచ్చింది, కిలోమీటర్లు, ఖర్చు, గంటలు. వారం రాస్తే మీ లోడు ఎంత దగ్గర ఆగాలో మీకే తెలుస్తుంది. నాది 90. దానికి మించి ఎత్తిన ప్రతిసారీ దెబ్బ తిన్నాను. మీది 70 కావచ్చు, 110 కావచ్చు.

బీట్ వదులుకోకండి

సీజన్‌లో కొత్తవాళ్ళు వస్తారు, టీఎల్ బీట్లు అటూ ఇటూ మారుస్తాడు. మీది మీకే ఉంచమని ముందే మాట్లాడుకోండి. ఇందుకోసం ఒకటి రెండు రోజులు టీఎల్ చెప్పిన కష్టమైన పికప్‌లు చేసిపెట్టినా నష్టం లేదు.

ఎందుకంటే హైదరాబాద్ అడ్రసులు కాగితం మీద చదివితే అర్థమయ్యేవి కావు. 2-3-512 పక్కన 2-3-513 ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. మధ్యలో స్లాష్‌లు, ఏలు, బీలు. మ్యాప్ పిన్ వీధి చివర పెట్టి ఊరుకుంటుంది. "పోచమ్మ గుడి వెనక, నీలం గేటు" అన్నది మీ బుర్రలో ఉంటే ఇరవై సెకన్లు, లేకపోతే రెండు ఫోన్లు, ఆరు నిమిషాలు. ఎనభై పార్శిళ్ళలో ఇరవైటికి ఆరేసి నిమిషాలు పోతే రెండు గంటలు పోయినట్టే.

అపార్ట్‌మెంట్ బీట్ మంచిదా, విడి ఇళ్ళ బీట్ మంచిదా అని అడుగుతారు. నా ఓటు పాత అపార్ట్‌మెంట్లకి: మూడు నాలుగు అంతస్తులు, గేటు దగ్గర వాచ్‌మన్ కుటుంబం, రిజిస్టర్ గొడవ లేదు. పెద్ద గేటెడ్ కమ్యూనిటీలు దూరం నుంచి బంగారు గనిలా కనిపిస్తాయి, ఒకే చోట అరవై పార్శిళ్ళు ఉంటాయి. కానీ గేటు దగ్గర యాప్‌లో ఎంట్రీ, ఫ్లాట్ వాళ్ళు ఒప్పుకునేదాకా ఎదురుచూపు, బండి బయటే పెట్టాలి, సర్వీస్ లిఫ్ట్ ఒక్కటే, అందులో ఫర్నిచర్ ఎక్కుతూ ఉంటుంది. అలాంటి బీట్ పడితే టవర్ వారీగా సర్దుకోండి. పై అంతస్తుకి లిఫ్ట్‌లో వెళ్ళి, మెట్ల మీద దిగుతూ ఇచ్చుకుంటూ రండి. మోకాళ్ళకి ఎక్కడంకంటే దిగడం తేలికేమీ కాదు గానీ, లిఫ్ట్ కోసం నిలబడే టైమ్ కలిసొస్తుంది.

వాచ్‌మన్‌తో మంచిగా ఉండండి. ఏ ఫ్లాట్ వాళ్ళు ఊళ్ళో ఉన్నారో, ఏ ఇంటి పెద్దావిడ పార్శిల్ తీసుకుంటుందో ఆయనకి తెలిసినంత ఏ యాప్‌కీ తెలియదు. దీపావళికి ఒక మిఠాయి ప్యాకెట్ తీసుకెళ్ళి చేతిలో పెట్టండి. అది ఖర్చు అనుకోవద్దు.

పొద్దున సర్దుకునే అరగంట

ఈ పని బయటివాళ్ళకి కనిపించదు కానీ రోజు మొత్తం దీని మీదే నడుస్తుంది. స్కాన్ చేసిన వెంటనే బ్యాగులో కుక్కేసి బయల్దేరేవాడు ప్రతి గేటు దగ్గర బ్యాగంతా కిందపోసి వెతుకుతాడు.

నేను చేసేది ఇది. ఒక గోనెపట్టా పరిచి, పార్శిళ్ళన్నీ ముందు కాలనీల వారీగా కుప్పలు పెడతాను. కుప్పలోపల వీధుల వారీగా. తర్వాత లావు నల్ల మార్కర్ తీసుకుని ప్రతి పార్శిల్ మీద రెండు ముక్కలు పెద్దగా రాస్తాను, "గుడి 302", "నీలంగేటు", "సాయి 4". లేబుల్ మీద అక్షరాలు ఎండలో, హెల్మెట్ అద్దంలోంచి కనపడవు, మార్కర్ రాత కనపడుతుంది. సీఓడీ (ఇచ్చేటప్పుడు డబ్బు తీసుకోవాల్సింది) అయితే పక్కన చిన్న గుండ్రం, ఓపెన్ బాక్స్ (కస్టమర్ ముందు తెరిచి చూపించాల్సింది) అయితే అడ్డగీత. ఆఖరున ఇచ్చే కాలనీ బ్యాగు అడుగున, మొదట ఇచ్చేది పైన. మెత్తటి బట్టల కవర్లు పక్కల్లో దోపితే పెట్టెలు కదలవు. ఫోన్లు, వాచీలు, ఖరీదైనవి వీపు బ్యాగులో కాకుండా ఛాతీ మీద వేసుకునే చిన్న సంచీలో. సిగ్నల్ దగ్గర వెనక బ్యాగు జిప్ తీసింది మీకు తెలియదు.

పెద్ద పెట్టెలుంటే ఎలాస్టిక్ తాళ్ళు రెండు, ఒక పాలిథిన్ షీటు తప్పనిసరి. సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో ఇక్కడ వానలు పోవు. 2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌ని ముంచిన వాన దసరా నెలలోనే పడింది. తడిసిన పార్శిల్ కస్టమర్ తీసుకోడు, హబ్ "డ్యామేజ్" అని రాస్తుంది, ఆ తర్వాత కథ మీకే తెలుసు.

ఊరెళ్ళేవాళ్ళని ముందు పట్టుకోండి

మన సీజన్‌కి ఒక ప్రత్యేకత ఉంది. దసరాకి హైదరాబాద్ సగం ఖాళీ అయిపోతుంది. బడులకి సెలవులు ఇవ్వగానే పిల్లల్ని తీసుకుని వరంగల్, కరీంనగర్, నల్గొండ వైపు బస్సెక్కేస్తారు. సేల్‌లో కొన్న చీర, ఫోను బతుకమ్మ నాటికి చేతిలో ఉండాలి, కానీ మనిషి ఊళ్ళో ఉండడు. అక్కడే ముప్పై పార్శిళ్ళు వెనక్కి వస్తాయి.

అందుకే సెలవులు ఇచ్చే ముందు రెండు మూడు రోజులు ఫోన్ చేసినప్పుడు "ఇంట్లో ఉన్నారా" అని అడక్కండి. "ఊరికి ఎప్పుడు బయల్దేరుతున్నారు సార్? ఈరోజే ఇచ్చేస్తాను" అని అడగండి. మనిషి గొంతు మారిపోతుంది. "రాత్రికి బస్సు, కాస్త తొందరగా తెచ్చివ్వు బాబూ" అంటారు. అలా చెప్పినవాళ్ళవి వరసలో ముందుకి జరపండి. తెలియని నంబర్ అని ఎత్తనివాళ్ళకి ఫోన్ మీద ఫోన్ కొట్టే బదులు ఒక్క మెసేజ్ పెట్టండి: "నేను పార్శిల్ డెలివరీ. పన్నెండు లోపు మీ ఇంటికి వస్తాను. లేకపోతే ఎవరికి ఇవ్వాలో చెప్పండి." నేను ఇది ఫోన్‌లో సేవ్ చేసుకుని, బయల్దేరే ముందు మొదటి ఇరవై మందికి పంపేస్తాను. పక్కింటివాళ్ళకి ఇవ్వమని కస్టమర్ రాసి పంపిన మెసేజ్ కూడా దాచుకోండి. రేపు "నాకు అందలేదు" అంటే అదే సాక్ష్యం.

సద్దుల బతుకమ్మ రోజు నాలుగు లోపు పని ముగించుకోండి. ఆ తర్వాత ఆడవాళ్ళంతా ముస్తాబై గుడి దగ్గరో చెరువు దగ్గరో ఉంటారు, వీధుల్లో బండి కదలదు, కదలాలని అనుకోవడం కూడా మంచిది కాదు. దసరా రోజు పొద్దున మాత్రం మంచి బేరం. ఊరెళ్ళనివాళ్ళంతా ఇంట్లోనే ఉంటారు, తలుపు తీస్తారు, కొందరు బూరెలు కూడా పెడతారు. సాయంత్రం జమ్మి చెట్టు దగ్గరికి వెళ్ళే వేళకి మీరూ ఇంటికెళ్ళిపోవచ్చు. దీపావళి రాత్రి ఆరు దాటాక రోడ్డు మీద ఉండొద్దు. వీధి మధ్యలో చిచ్చుబుడ్డి పెట్టి పక్కకి పరిగెత్తే పిల్లాడు మీ బండిని చూడడు.

నెల సంపాదన ఒక్క రోజులో పోయేది ఇక్కడే

షార్టేజ్, అంటే లెక్కలో తగ్గిన డబ్బో పార్శిలో మన మీద పడటం. ఈ మాట వినగానే ప్రతి డెలివరీవాడికీ ఒక కథ గుర్తొస్తుంది. నాది రామంతాపూర్‌లో ఒక మూడంతస్తుల ఇంటి దగ్గర. దీపావళి ముందు శుక్రవారం, చీకటి పడింది, ఇంకా పదిహేను పార్శిళ్ళున్నాయి. 2,340 రూపాయల సీఓడీ. కుర్రాడు ఫోన్‌లో ఆకుపచ్చ టిక్కు చూపించాడు, "పంపేశాను అన్నా" అన్నాడు. తొందరలో నా యాప్ చూడకుండా పార్శిల్ చేతిలో పెట్టేశాను. వీధి మలుపు తిరిగాక చూసుకుంటే పేమెంట్ రాలేదు. వెనక్కి వెళ్తే ఆ పేరుతో అక్కడ ఎవరూ లేరన్నారు. వెండర్ నా పేమెంట్‌లో కోసేశాడు, వారం కష్టంలో రెండు రోజులు పోయినట్టు.

అప్పటి నుంచి ఒకటే పద్ధతి. కస్టమర్ ఫోన్‌లో ఏం కనిపించినా నాకు లెక్కలేదు. నా యాప్‌లో "అందింది" అని పడితేనే పార్శిల్ చెయ్యి మారుతుంది. "సర్వర్ స్లోగా ఉంది మేడమ్, ఒక్క నిమిషం" అంటాను. ఒక నిమిషం ఆగినందుకు ఎవరూ కొట్టరు. మీ సొంత నంబర్‌కి డబ్బులు వేయించుకుని తర్వాత కడదామనుకోవద్దు, అది పట్టుబడితే ఐడీ బ్లాక్ అవుతుంది. నగదు తీసుకుంటే అక్కడే లెక్కపెట్టండి, ఐదొందల నోట్లు వేరే, చిల్లర వేరే పెట్టుకోండి. రాత్రి హబ్‌లో డిపాజిట్ చేయకుండా డబ్బు ఇంటికి తీసుకెళ్ళకండి, "రేపు ఇద్దాంలే" అన్న డబ్బులోంచే పెట్రోల్ పోయించుకుంటాం.

ఓపెన్ బాక్స్ డెలివరీలో యాప్ చెప్పిన వరసే. కస్టమర్ ముందు పెట్టె తెరవడం, వస్తువు చూపించడం, ఆ తర్వాతే ఓటీపీ. కొందరు తొందరపడి ముందే ఓటీపీ చెప్పేస్తారు. వద్దనండి. పెట్టెలో ఫోను లేకపోతే ఆ తర్వాత మీ మాటకి విలువ ఉండదు.

రిటర్న్ పికప్‌లో ఇంతకంటే జాగ్రత్త కావాలి. యాప్‌లో ఫొటో ఉంటుంది. రంగు, సైజు, ట్యాగు, ఫోను అయితే ఐఎంఈఐ (ఆ ఫోను గుర్తింపు) నంబరు సరిచూడండి. "అదే బాబూ, తీసుకుపో" అని తలుపు వేసేసినా తొందరపడొద్దు. కొత్త బూట్ల బదులు పాత బూట్లు పెట్టిన పెట్టె తీసుకొచ్చి డబ్బు కట్టుకున్నవాళ్ళు మా హబ్‌లోనే ఇద్దరున్నారు. తేడా ఉంటే అక్కడే ఫొటో తీసి, రిజెక్ట్ చేసి, టీఎల్‌కి మెసేజ్ పెట్టండి.

ఇంకో మాట. రాత్రి ఎనిమిదికి లోడు మిగిలితే "కస్టమర్ లేరు అని కొట్టెయ్" అని పక్కవాడు సలహా ఇస్తాడు. ఒక్కోసారి టీఎలే అంటాడు. చేయకండి. కస్టమర్ కంప్లయింట్ పెడితే కాల్ రికార్డు, లొకేషన్ అన్నీ బయటకి వస్తాయి. పెనాల్టీ మీకు పడుతుంది, కొట్టెయ్ అన్నవాడికి పడదు. అందుకే పొద్దునే ఎత్తగలిగినంతే ఎత్తమన్నాను.

బండి, ఒళ్ళు

సీజన్‌కి వారం ముందు బండి మెకానిక్ దగ్గర పెట్టండి. టైర్లు, బ్రేక్ షూలు, చైన్ సెట్, బ్యాటరీ, హెడ్‌లైట్. సేల్ నాలుగో రోజు పంక్చర్ అయితే గంట పోతుంది, చైన్ తెగితే రోజు పోతుంది, ఆ రోజుతో హాజరు ఇన్సెంటివ్ కూడా పోవచ్చు. ఫ్యాషన్‌గా ఉండదు గానీ లోడుకి టీవీఎస్ ఎక్సెల్ లాంటి మోపెడ్‌కి మించింది లేదు. ముందు భాగంలో పెట్టె పెట్టుకోవచ్చు, వెనక రెండు వైపులా వేలాడదీయొచ్చు. నలభై కిలోమీటర్ల లోపు బీట్ అయితే ఎలక్ట్రిక్ బండి అద్దెకి తీసుకున్నా లెక్క కుదరొచ్చు. వారం అద్దె, వారం పెట్రోల్ పక్కపక్కన రాసుకుని చూడండి, అంతే.

బండి ఇన్సూరెన్స్ కాగితం ఒకసారి చదవండి. సొంత వాడకానికి తీసుకున్న పాలసీ మీద డెలివరీ పనిలో యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ దగ్గర పేచీ రావచ్చు, ఏజెంట్‌ని ముందే అడగండి. బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో చనిపోతే ఇంటివాళ్ళకి 2 లక్షలు వస్తాయి. రెండు టీల డబ్బు. ఇప్పటికీ తీసుకోకపోతే రేపే బ్యాంకుకి వెళ్ళండి. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబర్‌లో గిగ్ వర్కర్లకి (మనలా యాప్‌ల మీద పనిచేసేవాళ్ళకి) 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది. కేంద్ర ప్రభుత్వ కార్మికుల పోర్టల్ ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేసుకుని ఆ పన్నెండు అంకెల నంబరు ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పి ఉంచండి, మనకేమన్నా అయితే వాళ్ళే కదా తిరగాలి.

తిండి దగ్గర మిగుల్చుకోవద్దు, బయట తినే దగ్గర మిగుల్చుకోండి. ఇంటి నుంచి డబ్బా తీసుకెళ్తే రోజుకి నలభై యాభై మిగులుతుంది, కడుపు కూడా బాగుంటుంది. నీళ్ళ సీసా హ్యాండిల్‌కి కట్టుకోండి. నవరాత్రుల్లో భవానీ దీక్షలో ఉండి, చెప్పులు లేకుండా బండి నడిపేవాళ్ళు మా దగ్గర ఉన్నారు. భక్తిని తప్పుపట్టను. కానీ ఒక్కపొద్దు ఉండి, ఒట్టి కాళ్ళతో అక్టోబర్ ఎండలో ఎనభై గుమ్మాలు ఎక్కడం కష్టం. వాళ్ళు లోడు యాభైకి తగ్గించుకోవడం మేలు. సాయంత్రం ఫుడ్ డెలివరీ యాప్ కూడా ఆన్ చేద్దామా అంటే, సేల్ మొదటి పది రోజులు వద్దు. ఆ తర్వాత లోడు తగ్గాక ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా చేసుకోండి.

వచ్చిన డబ్బు సరిగా వచ్చిందా?

ప్రతి రాత్రి రన్‌షీట్ (ఆ రోజు డెలివరీల జాబితా) ముగింపు స్క్రీన్‌షాట్ తీయండి. పేమెంట్ వచ్చినప్పుడు నోటుబుక్‌తో కలిపి చూడండి. ఒక సీజన్‌లో నాకు రెండు రోజుల లెక్క పూర్తిగా ఎగిరిపోయింది. స్క్రీన్‌షాట్లు ఉన్నాయి కాబట్టి వచ్చింది. నా పక్కవాడికి కూడా పోయింది, వాడి దగ్గర ఏమీ లేదు, వాడికి రాలేదు.

పేమెంట్‌లో 1 శాతం టీడీఎస్ కోస్తే కంగారు పడకండి. అది మీ పాన్ మీద ప్రభుత్వానికి కట్టిన డబ్బు. పాన్ ఇవ్వకపోతే 20 శాతం కోస్తారు, అందుకే పాన్ మొదటి రోజే ఇవ్వండి. ఆదాయపన్ను వెబ్‌సైట్‌లో మీ పాన్ మీద జమైన పన్ను వివరాలు తెరిస్తే ఎంత కట్టారో కనిపిస్తుంది. వెండర్ కోసి కట్టకపోయినా అక్కడే బయటపడుతుంది. కొత్త పద్ధతిలో ఏడాదికి 12 లక్షల ఆదాయం దాకా పన్ను పడదు కాబట్టి మనలాంటివాళ్ళు రిటర్న్ వేస్తే ఆ కోత వెనక్కి వస్తుంది. నెట్ సెంటర్‌లో రిటర్న్ వేయించినా నాలుగైదు వందలకి మించదు. రేపు బండి లోన్‌కో ఇంటి లోన్‌కో వెళ్తే ఆ రిటర్నే మీ జీతం కాగితం.

దీపావళి దాటిన వారానికి లోడు సగానికి పడిపోతుంది. సీజన్ కోసం తీసుకున్నవాళ్ళని ఒక్కొక్కరినీ ఆపేస్తారు, కొన్నిసార్లు పొద్దున ఐడీ లాగిన్ కాకపోతే గానీ తెలియదు. అందుకే దీపావళికి ముందే టీఎల్‌ని సూటిగా అడగండి, "అన్నా, నన్ను ఉంచుతున్నారా లేదా?" ఉంచకపోతే ఆఖరి పేమెంట్ తేదీ, ఇన్సెంటివ్ తేదీ, డిపాజిట్ తేదీ మూడూ మెసేజ్‌లో రాయించుకోండి. వెండర్ నంబరు ఒక్కటే కాదు, హబ్ ఇన్‌ఛార్జ్ నంబరు కూడా తీసుకోండి. బ్యాగు, టీషర్ట్, ఐడీ కార్డు తిరిగిచ్చేటప్పుడు వాటిని టేబుల్ మీద పెట్టి, తీసుకున్న మనిషి కూడా కనిపించేలా ఒక ఫొటో తీసుకోండి. డిపాజిట్ అడిగినప్పుడు "నువ్వు బ్యాగే ఇవ్వలేదు కదా" అని ఎవరైనా అంటే ఆ ఫొటో చూపించొచ్చు.